పాటు, పోటు: పడవ దిబ్బెక్కినప్పుడు తెలిసే తేడా

షేర్ మార్కెట్లో ఆటుపోట్లు, రాజకీయాల్లో ఆటుపోట్లు, జీవితంలో ఆటుపోట్లు. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పని చేశాను కాబట్టి ఈ మాట నా చెవిన ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. నిజంగా సముద్రం మీద బతికేవాళ్ళ నోట మాత్రం నేను దీన్ని ఎప్పుడూ వినలేదు. మా యానాం రేవులో నీరు ఎక్కితే పోటు, తీస్తే పాటు. "పోటు మీద బయల్దేరాం", "పాటు మొదలైంది, పద పద" అంటారు. ఈ రెండు మాటల మధ్య తేడా ఒక్క గుణింతమే. నడిదారిలో పడవ ఇసుకకు తగిలినప్పుడు ఆ గుణింతం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఈసారి దాని గురించి రాద్దామనుకుంటున్నాను.

యానాం చూడనివారి కోసం రెండు ముక్కలు. పరిపాలన ప్రకారం మేం పుదుచ్చేరిలో భాగం, చుట్టూ ఉన్నదంతా ఆంధ్రప్రదేశ్. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడి. మా పెద్దల కాలంలో కాగితాల మీద ఫ్రెంచి ఉండేది, రేవులో మాత్రం తెలుగే. ఊరు గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది, ఇక్కడే కోరంగి పాయ విడిపోయి మడ అడవుల్లోకి వెళ్తుంది. ఊళ్ళోంచి చూస్తే సముద్రం కనపడదు. కనపడకపోయినా రోజుకు రెండుసార్లు వచ్చి వెళ్తుంది. ఎండాకాలంలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు నీరు పెద్దగా వదలరు కాబట్టి ఉప్పునీరు పాయల్లో బాగా పైకి ఎక్కుతుంది. వరదల నెలల్లో గోదారి జోరు ముందు పోటు వెలవెలబోతుంది. అదే రేవు, అదే మనుషులు, కానీ నెలకో తీరు.

మాటల సంగతికి వద్దాం. నేను కామర్స్ చదివినవాణ్ణి, భాషాశాస్త్రం నా దారి కాదు. అయినా ఈ రెండు మాటలు విడదీయడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. చెడు నుంచి చేటు వచ్చినట్టే పడు నుంచి పాటు వచ్చింది. పిడుగుపాటు, తడబాటు రెండూ ఆ కోవలోవే. అంటే పాటు నీరు పడిపోవడం. పోటు పొడుచు నుంచి వచ్చింది, కత్తిపోటులో ఉన్నదీ అదే. ఏటికి ఎదురు పొడుచుకుంటూ వచ్చే సముద్రపు నీరే పోటు. గౌతమి గట్టు మీద నిలబడి, తేలుతున్న గుర్రపుడెక్క ఆకులు ఒక్క క్షణం ఆగి, తర్వాత వెనక్కి అంటే ఎగువకు ప్రయాణం కట్టడం చూసినవాళ్ళకు ఈ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

పోటు అదృష్టవంతురాలు. పేపర్లలో చోటు సంపాదించుకుంది. "తిరుమలకు పోటెత్తిన భక్తులు" అని రాసేవారికి అది రేవు మాట అని గుర్తుండకపోవచ్చు, మాట మాత్రం బతికే ఉంది. పాటుకు ఆ భాగ్యం లేదు. పాటు అనగానే చదువుకున్నవాళ్ళకు పాటుపడటం, కష్టపడటం గుర్తొస్తుంది, లేదా "తో పాటు" గుర్తొస్తుంది. నీరు తీయడం అనే అర్థం పడవ మీదే మిగిలిపోయింది.

మన ఇరుగుపొరుగు భాషల్లో కూడా ఈ జంట మాటలు గట్టివి. కన్నడంలో ఉబ్బర, ఇళిత. మన ఉబ్బడమే అక్కడి ఉబ్బర. తమిళంలో ఏట్రం, వట్రం. మనం పాలివ్వడం మానేసిన ఆవును వట్టిపోయింది అంటాం చూడండి, ఆ వట్టుకు ఈ వట్రం చుట్టమే. మరాఠీలో భరతీ, ఓహోటీ. ఒడియాలో జువారు, భట్టా. ప్రతిచోటా ఎక్కే నీటికి ఒక మాట, దిగే నీటికి ఇంకో మాట, రెండూ ఒకదానితో ఒకటి కలవనంత దూరంగా ఉన్నాయి. మనవే ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వినడానికి అందంగానే ఉంటుంది. కాగితం మీదకు ఎక్కితేనే చిక్కు. ఒక కేసు చెబుతాను.

1990ల చివర్లో, నేను పని చేసిన ఒక శాఖలో, అప్పు మీద కొన్న ఒక చెక్క నావ గౌతమి మొగ దగ్గర దిబ్బెక్కి దెబ్బతింది. మొగ అంటే నది సముద్రంలో కలిసేచోటు. తెల్లవారుజామున వేట నుంచి వస్తూ, నీరు తీసే వేళ, ఇసుకకు తగిలింది. ఎంత తోసినా కదల్లేదు. ఎనిమిది గంటలకు పైగా అక్కడే కూర్చుంది. తిరిగి నీరెక్కేటప్పుడు కెరటాలు పక్క నుంచి కొట్టి అడుగు పలకలు విడిపోయాయి. నావ యజమాని చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయించి ఇచ్చాడు, "పాటులో దిబ్బెక్కింది" అని. ఆ కాగితం బీమా కంపెనీ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎవరో, మంచి ఉద్దేశంతోనే అనుకుంటాను, పాటును అచ్చుతప్పు అనుకుని పోటు అని దిద్ది, ఇంగ్లీషులోకి "నీరు ఎక్కే సమయంలో" అని మార్చారు. ఇక సర్వేయరు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. నీరు ఎక్కుతుంటే పడవ పది నిమిషాల్లో తేలాలి కదా, ఎనిమిది గంటలు ఎలా కూర్చుంది? మీవాళ్ళు వదిలేసి వెళ్ళారా? ఆ ప్రశ్నతో ఫైలు ఆగిపోయింది.

నావ యజమాని నా టేబులు ముందు కూర్చుని అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. "మేనేజరుగారూ, పోటులో తగిలితే అది కేసెందుకవుతుందండీ? చుట్ట కాల్చుకునేలోగా తేలిపోద్ది కదండీ." సముద్రపు లెక్క మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నేను ఆ రోజు తిథి, నీరు నిండిన గంట, తగిలిన గంట, తేలిన గంట వరసగా వేసి ఒక పేజీ రాసి పంపాను. నెలలు పట్టింది. చివరికి డబ్బు వచ్చింది, అడిగినంత కాదు. ఆ పేజీలో వేసిన లెక్కే ఇక్కడ చెబుతున్నాను. ఎందుకంటే ఇది తెలిస్తే తప్ప పాటు అనే మాట బరువు అర్థం కాదు.

నీరు పూర్తిగా నిండిన దగ్గర్నుంచి పూర్తిగా తీసేదాకా సుమారు ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో నీరు సమానంగా దిగదు. మొత్తం దిగే ఎత్తును పన్నెండు వాటాలు చేస్తే మొదటి గంటలో ఒక వాటా, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, ఐదులో రెండు, ఆరులో ఒకటి. ప్రపంచంలో చాలా రేవుల్లో నావికులు వాడే మోటు లెక్క ఇది. పాయల్లో కొంచెం తేడా వస్తుంది, ఎక్కడానికి పట్టినదానికంటే తీయడానికి ఎక్కువసేపు పడుతుంది. లెక్క తీరు అర్థం కావడానికి మాత్రం ఇది చాలు. అమావాస్య రోజుల్లో నీరు నాలుగడుగులు దిగుతుందనుకుందాం, అంటే నలభై ఎనిమిది అంగుళాలు. గంటవారీగా 4, 8, 12, 12, 8, 4 అంగుళాలు. మూడు, నాలుగు గంటల్లో గంటకు పన్నెండు అంగుళాలు పడిపోతుంది, అంటే ఐదు నిమిషాలకు ఒక అంగుళం.

ఆ అంగుళం లెక్క పట్టుకోండి. పాటు నడిమధ్యలో పడవ అడుగు ఇసుకకు తగిలింది. "ఏమైంది, ఏమైంది" అని ఐదు నిమిషాలు వాదించుకున్నారు, ఒక అంగుళం పోయింది. ఇంజను రేజు చేసి చూశారు, ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో అంగుళం. ఇంజను, వల, మంచు పెట్టె, చేపలతో ఉన్న పడవ రెండంగుళాలు నీటిలోంచి పైకి తేలిందంటే దాని బరువులో ఆ మేరకు ఇసుక మీద పడిందన్నమాట. నలుగురు మనుషులు మొదటి నిమిషంలో తోసెయ్యగలిగిన పడవను పదిహేనో నిమిషంలో పదిమంది కూడా కదపలేరు. మనుషుల బలం తగ్గలేదు, నీటి బలం పోయింది.

ఎంతసేపు కూర్చోవాలన్న లెక్క కూడా ఇంతే సులువు. నీరు ఏ ఎత్తులో ఉండగా పడవ తగిలిందో, మళ్ళీ ఆ ఎత్తు వచ్చినప్పుడు తేలుతుంది. ఒక నిండు పోటు నుంచి మరో నిండు పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. నిండిన రెండు గంటలకు తగిలితే, వచ్చే నిండుకు రెండు గంటల ముందు తేలుతుంది. మధ్యలో 8 గంటల 25 నిమిషాలు. పైన చెప్పిన కేసులో సర్వేయరుకు నేను చూపించింది ఇదే. అదే, పాటు చివర్లో, నిండిన ఐదు గంటలకు తగిలితే రెండున్నర గంటల లోపే తేలుతుంది. అంటే పాటులో ఎంత ముందు తగిలితే అంత ఎక్కువ జైలు. వినడానికి తిరకాసుగా ఉంటుంది, నీళ్ళు ఇంకా బోలెడు ఉన్నప్పుడు తగలడమే ఎక్కువ ప్రమాదం.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా పెద్దది. సరిగ్గా ఆ పెద్ద పోటు నిండు మీద, ఎప్పుడూ నీరెక్కని మెరక మీదికి పడవ ఎక్కిందనుకోండి. మర్నాటి పోటు దానికంటే తక్కువ. ఆ మర్నాడు ఇంకా తక్కువ. అష్టమి దాటాక అయితే నీరు అసలు ఆ దరిదాపులకే రాదు. మళ్ళీ పెద్ద పోటు వచ్చేదాకా, అంటే పక్షం రోజులు, పడవ ఎండలో పలకలు విచ్చుకుంటూ కూర్చోవాల్సిందే. ఫిక్స్‌డ్ డిపాజిట్ అయినా గడువుకు ముందు కొంత వడ్డీ వదులుకుని తీసుకోవచ్చు, దీనికి ఆ సౌకర్యం లేదు. వీటన్నిటి మీద ఇంకో లెక్క. బంగాళాఖాతంలో సముద్రమట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరులో ఎత్తుగా ఉండి మార్చి ప్రాంతంలో తగ్గుతుంది. కార్తీకంలో పడవ హాయిగా దాటిన దిబ్బ మీద ఫాల్గుణంలో తగలడం అందుకే. దిబ్బ పెరగక్కర్లేదు.

పెరగదని కాదు. ప్రతి వరద తర్వాతా గోదారి ఇసుకను అటుదిటు వేస్తుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకు ఆ శక్తి ఎంతో తెలుసు. మా వైపు దీనికి ఉన్న మాటలు చూడండి. కొత్తగా పడిన ఇసుక మేట. అది ఆరి నీటిపైకి తేలితే దిబ్బ. ఇంకా నిలదొక్కుకుంటే తిప్ప. ఏటి మధ్య మనుషులు పంట వేసుకునేంత అయితే లంక. మా యానాంలోనే దరియాలతిప్ప ఉంది, గోదారి చివర బలుసుతిప్ప ఉంది. ఇవాళ ఇళ్ళూ గుళ్ళూ ఉన్న ఈ ఊళ్ళు ఒకప్పుడు ఎవరి పడవకో తగిలిన దిబ్బలే అయి ఉంటాయని ఆ పేర్లే చెబుతున్నాయి.

తగలడానికి కూడా మెట్లున్నాయి. "తగిలింది" అంటే అడుగు రాసుకుంది, ఇంకా కదులుతోంది. "పట్టింది" అంటే ఆగింది. "కూర్చుంది" అంటే ఇక నీరొస్తే తప్ప లేవదు. "దిబ్బెక్కింది" అని ఊళ్ళో అందరూ అన్నిటికీ కలిపి అంటారు గానీ పడవ మీద ఉన్నవాడు ఆ మూడింటినీ కలపడు. ఇదే చోట ఒక తమాషా. గట్టెక్కడం అంటే మనకు ఆపద దాటడం. పడవ గట్టెక్కితే శుభం, దిబ్బెక్కితే అశుభం. రెండూ ఎక్కడమే, రెండూ నేలే.

2002లో ఎదుర్లంక వంతెన రాకముందు గౌతమి దాటాలంటే పంటో లాంచీయో గతి. ఎండాకాలం పాటు వేళల్లో అది నడి ఏట్లో ఆగితే సరంగును తిట్టనివాడు పాపి. "ఇంజను నొక్కు" అని గట్టున నిలబడ్డట్టు సలహాలిచ్చేవాళ్ళు. సరంగు మాత్రం మొదట ఇంజను కట్టేసేవాడు. అది భయం కాదు, తెలివి. ఇసుక మీద ఆగిన పడవలో ఇంజను తిప్పితే ఫ్యాను కింద ఇసుకను తవ్వి పడవ అడుగుకే పోస్తుంది. నీటితో చల్లబడే ఇంజనైతే ఇసుక నీరు లోపలికి లాగి అదీ పోతుంది. ఇంజను కట్టేశాక రెండో పని, నీరు ఎటు నడుస్తోందో చూడటం. మడ చెట్ల వేళ్ళ మీద తడి చార నీటికి పైన కనపడితే పాటు. పొడి వేరును నీరు మింగుతుంటే పోటు. ఏమీ లేకపోతే గడ నాటి దాని మీద నీటి గుర్తు చూడాలి, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

పోటైతే తొందర లేదు, కానీ చేతులు కట్టుకు కూర్చోవడం కూడా కాదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నీరెక్కుతున్నకొద్దీ పడవ కొంచెం తేలి, గాలికీ ప్రవాహానికీ దిబ్బ మీదికే ఇంకా ముందుకు జరుగుతుంది, మళ్ళీ పడుతుంది. అలా అలా మెరక చివరికి చేరుతుంది. అందుకని ముందు లంగరును లోతు వైపు వేసి తాడు బిగించి ఉంచాలి.

పాటైతే మాటల్లేవు. వచ్చిన దారి లోతైనదని తెలుసు కాబట్టి ముందుకు కాదు, వెనక్కే. మనుషులు దిగిపోతేనే పడవ ఒకటి రెండు అంగుళాలు తేలికవుతుంది. దిగేముందు గడతో లోతు చూసుకుని, మెరక వైపు దిగాలి. మిగిలిన ఒకరిద్దరు బరువంతా ఒక పక్కకు మార్చి పడవను ఒరిగిస్తే అడుగు కొంత వదులుతుంది. పది నిమిషాల్లో కదిలితే కదిలినట్టు. కదలకపోతే, ఇది కుర్రాళ్ళకు మింగుడుపడని సంగతి, ప్రయత్నం ఆపెయ్యాలి. ఆ ఓపిక ఇంకో పనికి దాచుకోవాలి. లంగరును చేత్తో మోసుకెళ్ళి లోతు వైపు దూరంగా నాటాలి, నీరు ఉండగానే. అడుగు బల్లపరుపుగా ఉన్న పాత నావ అయితే దాని మానాన అది నిటారుగా కూర్చుంటుంది. అడుగు కోసుగా ఉన్న బోటు ఒరుగుతుంది. ఒరిగే పడవను మెరక వైపుకు ఒరగనివ్వాలి. లోతు వైపు ఒరిగితే తిరిగి నీరొచ్చినప్పుడు లేవకముందే అంచు మీదుగా నీళ్ళు లోపలికి వస్తాయి. గెడ గానీ చెక్క గానీ ఆనించి నిలబెట్టాలి.

ఆ తర్వాత మిగిలేది కాచుకోవడం. మనుషుల ప్రాణాలు పోయేది ఎక్కువగా ఈ కాచుకునే వేళలోనే. నీరు పూర్తిగా తీశాక దిబ్బ మైదానంలా కనిపిస్తుంది, గట్టు దగ్గరే అనిపిస్తుంది, నడిచి వెళ్ళిపోదామనిపిస్తుంది. మడ అడవి బురద చీలమండ లోతుతో మొదలై పది అడుగుల్లో తొడల దాకా దిగబడుతుంది. లాక్కునేకొద్దీ రెండో కాలు దిగుతుంది. ఇసుక దిబ్బ గట్టిగానే ఉంటుంది, దాని మోసం వేరు. పోటు దిబ్బ మీదికి ఎదురుగా రాదు, ముందు వెనకవైపు పల్లపు పాయలు నింపుకుంటూ వస్తుంది. మీరు నిలబడ్డచోటు ఇంకా పొడిగానే ఉంటుంది, మీకూ గట్టుకూ మధ్య మాత్రం నిలువు లోతు పరుచుకుని ఉంటుంది. కూర్చున్న పడవను వదలకూడదని పెద్దవాళ్ళు పట్టుపట్టేది పడవ మీద ప్రేమతోనే కాదు.

ఇదంతా పాయల సంగతి. మొగ దగ్గర తగిలితే లెక్కే వేరు, అక్కడ శత్రువు కెరటం. పడవ అడ్డం తిరిగిందంటే ఒక్కో కెరటం ఎత్తి కుదేస్తుంది. ఒడ్డు వైపు దిగి తోయబోయినవాడి కాళ్ళ మీదికే పడవ వస్తుంది. అక్కడ ముక్కును కెరటానికి ఎదురుగా నిలిపేలా లంగరు వేయడం, లైఫ్ జాకెట్లు తొడుక్కోవడం, ఫోను అందితే సాయం అడగడం, ఈ మూడూ వెంటవెంటనే జరగాలి. పడవ సంగతి తర్వాత.

లోతు కొలతలు ఒకటి చెప్పాలి. మా రేవులో లోతు అడుగుల్లో, మీటర్లలో చెప్పగా నేను తక్కువ విన్నాను. మోకాటి లోతు, మొల లోతు, గుండె లోతు, పీకల లోతు, నిలువు లోతు. ఆపైన బారలు. ఇంజనీర్లు నవ్వొచ్చు గానీ ఇది పడవ దిగాల్సినవాడి కొలత. గడ మీద తడిని ఒంటికి ఆనించి చూసుకుంటే చాలు, దిగొచ్చో లేదో తెలిసిపోతుంది.

కాలం కొలత ఇంకా అందం. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పాత లెక్కలో ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, కాబట్టి రోజుకు రెండు ఘడియలు. పదిహేను రోజులకు ముప్పై ఘడియలు, అంటే సరిగ్గా పన్నెండు గంటలు. అమావాస్యనాడు ఏ వేళకు నిండిందో పౌర్ణమినాడూ దాదాపు అదే వేళకు నిండుతుంది. ఒక్క అమావాస్య పోటు వేళ గుర్తుంటే చాలు, పంచాంగంలో తిథి చూసి ఏ రోజు పోటైనా చెప్పేయొచ్చు. లెడ్జరు కుదిరినప్పటి సంతోషం నాకు ఈ లెక్కలో దొరికింది. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సముద్రం స్థితి, కెరటాల ఎత్తు ముందుగానే చెబుతోంది, ముద్రించిన పోటు పట్టికలూ ఉన్నాయి, ఫోనులో కూడా వస్తున్నాయి. చాలా మంచిది, వాడుకోవాలి. అయితే పట్టికలో ఉండేది సముద్రపు రేవు వేళ. పాయలోకి ఎంత లోపలికి వస్తే పోటు అంత ఆలస్యం. ఏ పాయలో ఎంత ఆలస్యమో పట్టిక చెప్పదు, ఆ పాయలో తిరిగినవాడు చెబుతాడు. చెప్పేటప్పుడు పాటు అనే అంటాడు. విన్న కుర్రాడికి ఆ మాట తెలియకపోతే ఆ సలహా గాలికి పోయినట్టే. ఈమధ్య రేవులో చదువుకున్న పిల్లలు "లో టైడ్", "హై టైడ్" అంటున్నారు. తప్పేం లేదు, కానీ లో టైడ్ అంటే నీరు అడుగంటిన స్థితి. పాటు అంటే నీరు పడుతూ ఉండటం. పడవ తగిలినప్పుడు కావాల్సిన కబురు రెండోదే.

బరంపురంలో నాలుగేళ్ళు పని చేసినప్పుడు గోపాల్‌పూర్ ఒడ్డుకు తరచూ వెళ్ళేవాణ్ణి. అక్కడా, పూరీలోనూ తరాల కిందట ఆంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన మన వేటవాళ్ళు ఉన్నారు, ఒడియావాళ్ళు నోళియాలు అంటారు. వాళ్ళకు మాలా పాయలు లేవు, నేరుగా సముద్రపు ఒడ్డే. మేం ఏది జరగకూడదని దండం పెట్టుకుంటామో అదే వాళ్ళు రోజూ కావాలని చేస్తారు. కెరటాలు లెక్కపెట్టుకుని, ఒకదాని వీపు మీద పడవను ఎక్కించి, జోరుగా తెచ్చి ఇసుక మీద కూర్చోబెడతారు. వెంటనే అందరూ దూకి తర్వాతి కెరటం వచ్చేలోగా పైకి లాగేస్తారు. వాళ్ళ మాటల్లో కెరటానికి ఉన్నన్ని పేర్లు మాకు లేవు, మాకు మేటకు ఉన్నన్ని పేర్లు వాళ్ళకు అక్కర్లేదు. కానీ దిగే నీటిని వాళ్ళు ఇళ్ళల్లో పాటు అంటారో, ఒడియా ప్రభావంతో భట్టా అంటారో అప్పట్లో అడిగి రాసుకోవాలన్న ఆలోచన రాలేదు. పూరీ పెంటకోట వైపు, గోపాల్‌పూర్, చిలికా ఒడ్డున ఉన్న మనవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మీ ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య వాడే మాట ఏదో ఆ మాట ఒక్కటి రాయండి. అలాగే పులికాట్ సరస్సు తమిళనాడు వైపు ఉన్న తెలుగు ఇళ్ళల్లో వట్రం అంటారా, ఇంకేమైనా అంటారా అన్నది కూడా.